ముందు నీ అంకె చెప్పు

ఈ అరబ్బు దేశంలో, అల్ మన్సూరాలో మా గది కిటికీ బయట ఏసీ పంకా మోత ఉన్నట్టుండి మారితే నా చేతిలో అన్నం ముద్ద ఆగిపోతుంది. ఆ సన్నటి వణుకు చెవిన పడగానే రాఘవులు గారు గుర్తొస్తారు. కోనసీమ మనిషి. చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో ఆయన మెకానిక్కు, నేను తుడిచే హెల్పర్ని. యాభై దాటిన నాకు అంకెలూ అక్షరాలూ నేర్పింది ఆయనే.

"ఈ వయసుల నాకెందుకు సార్ సదువు?" అంటే, "ప్రొపెల్లర్ రెక్కకి నీ వయసుతో పనేంటయ్యా మల్లయ్యా? దిద్దు" అనేవారు. ఇంజన్ వేగం చూపే డయల్ మీద ఎర్రపట్టీ ఉంటుంది. ఆ వేగంలో ఎక్కువసేపు నడిపితే ప్రొపెల్లర్ రెక్క లోలోపల వణికి, కంటికి కనబడకుండా పగిలి, ఒకరోజు గాలిలో విరుగుతుంది. డయల్ అబద్ధమాడితే పైలట్ ఆ పట్టీ దాటాననుకుంటూ అందులోనే ఉంటాడు. అందుకే చేతిలో పట్టుకునే మీటరుతో డయల్‌ని సరిచూడాలి.

ఒక రోజు ఆయన విమానంలో కూర్చుని ఇంజన్ నడుపుతున్నారు. నేను మీటరుని తిరిగే రెక్కల వైపు పట్టుకుని, పక్కగా కాస్త దూరంలో ఉన్నాను. నా వెనక పైలట్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. చెవులకున్న హెడ్‌సెట్‌లో రాఘవులు గారి గొంతు.

"ఇక్కడ రెండువేల మూడొందలు. నీకెంత?"

"అంతే సార్."

ఇంజన్ ఆపి దిగి, మీటరు అడిగారు. చివరి అంకె దాంట్లో నిలిచి ఉంటుంది. రెండువేల రెండొందలు. ఎర్రపట్టీ లోపల.

"చదవడం వచ్చుగా? మరి అంతే అన్నావేం?"

"మీరు చెప్పినంక నేనెట్ల కాదంట సార్?"

చదువు రానివాడి అలవాటది. పక్కవాడు అన్నదే నేనూ అని బతుకంతా నెట్టుకొచ్చాను. అంకెలు వచ్చాయి గానీ అలవాటు పోలేదు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "నా మాట నాకే తిరిగి చెప్పడానికి నువ్వెందుకయ్యా, గోడ చాలదూ? ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా అన్నావ్?"

"యాదికి లేదు సార్."

"వందే కదా, మాఫీ ముష్కిల్" అంటూ ఫర్వాలేదని చెయ్యి ఊపాడు పైలట్. రాఘవులు గారు విమానం తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. నేను సరిచూసిన విమానాల్లో ఇంకొకటి అప్పుడే గాలిలో ఉంది. వెనక్కి రమ్మని కబురు పెట్టించారు. అది దిగేదాకా ఇద్దరం ఎండలో నిలబడ్డాం. ఆయన నా వైపు చూడలేదు. దిగాక సరిచూస్తే దాని డయల్ సరిగానే ఉంది, అందులో నా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత ఎప్పుడూ ఆయన తన అంకె ముందు చెప్పలేదు. "ముందు నీది చెప్పు మల్లయ్యా" అనేవారు, ఇద్దరి మాటా కలిశాకే విమానం కదిలేది. ఇప్పుడాయన లేరు. ఆ రోజుకు ముందు నేనన్న "అంతే"ల్లో ఎన్ని నిజమో నాకు నేటికీ తెలియదు. ఎవరైనా ఏదైనా చూపించి "ఇంతేనా?" అని అడిగితే, నోరు తెరవకముందే కళ్లజోడు వెతుక్కుంటాను.