పదిహేనో పక్కటెముక

గత నెల ఒక మంగళవారం నా భార్య చనిపోయింది. హిందూపురంలో, మా ఇంట్లోనే. ఆ రోజు ఆరింటికి లేచింది. పాలు కాచింది. తూర్పు కిటికీ దగ్గరి బల్లమీద మైక్రోస్కోపు ముసుగు తీసి ఎనిమిదిన్నర దాకా కూర్చుంది. నేను వరండాలో నీళ్ల మోటారు విప్పుకుని ఉన్నాను. లోపలి నుంచి పిలిచింది.

"ఏమండీ, ఈ ఐదో నత్త నేను లెక్కపెట్టేసినా. మీరూ ఒకసారి చూస్తే అయిపోతుంది."

"చేతులకంతా గ్రీజు ఉండాది. రేపు చూస్తాలే."

"మొన్నా రేపే అంటిరి."

మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాము. కాసేపు పడుకుంటానంది. నాలుగింటికి కాఫీ పెట్టి లేపబోయాను. లేవలేదు. డాక్టరు వచ్చి గుండె అన్నారు, నిద్రలోనే జరిగి ఉంటుందన్నారు. ఆమె కుడి చూపుడువేలి కొసకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. దాన్ని ఎవరూ తుడవలేదు. నేను కూడా తుడవలేదు.

ఆమె ఇక్కడి డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పింది. ఇది చదివేవాళ్లలో ఆమె ముందు నిలబడి కప్పను కోసినవాళ్లు కొందరుంటారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. సముద్రం లేని ఈ ఊళ్లో కూర్చుని ఆమె సముద్రపు నత్తల జాతులు గుర్తించేది.

అది మొదలైంది పెనుకొండలో. కోళ్ల మేత అమ్మే ఒక అంగడి ముందు ఇద్దరం బస్సు కోసం నిలబడి ఉన్నాము. కోడిగుడ్డు పెంకు గట్టిపడాలని మేతలో సముద్రపు గుల్లల నూక కలుపుతారు. ఆ నూక సంచి ఒకటి మూతి విప్పి పెట్టి ఉంది. ఆమె ఊరికే అందులో చెయ్యి పెట్టింది. తీసి, అరచేతిని ఎండకు పట్టి చూసింది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆమె చెయ్యి దించలేదు.

"పెద్ద గుల్లలన్నీ మరలో పిండి అయిపోయినాయి. ఈ చిన్నవి చూడండి, సందుల్లో తప్పించుకున్నాయి."

జీలకర్ర గింజంత తెల్లటి గుల్ల. సన్నగా, మెలికలు తిరిగి, పైకి పోయే మెట్లలా ఉంది. ఇంగ్లీషులో దాని పేరుకు మెలిక మెట్లని అర్థమట. తెలుగులో పేరు లేదు. ఆమె మెట్ల నత్త అనేది. బతికున్నప్పుడు అది సముద్రపు అడుగున, పువ్వులా కనిపించే ఒక జీవిని పట్టుకుని, దాన్నే కొరుక్కు తింటూ బతుకుతుంది. ముట్టుకుంటే ఊదారంగు విడుస్తుంది. ఇవన్నీ ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పేది.

ఆ గుల్లమీద నిలువుగా గట్లు ఉంటాయి. పక్కటెముకల్లా ఉంటాయి కాబట్టి మేమిద్దరం అలాగే అనేవాళ్లం. జాతిని గుర్తించడంలో వాటి లెక్క ముఖ్యం. చివరి చుట్టుమీద ఎన్ని ఉన్నాయి, వాటి మధ్య అడ్డగీతలు ఉన్నాయా, కొసమీద మిగిలిన పసిగుల్ల ఎలా ఉంది. నత్త పుట్టినప్పటి గుల్ల దాని నెత్తిమీద అలాగే ఉండిపోతుందట. చచ్చిన తరువాత కూడా.

నేను పట్టు పరిశ్రమ శాఖలో, పట్టుపురుగుల గుడ్ల కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను నూరి, ఆ రసంలో రోగం ఉందేమో మైక్రోస్కోపులో చూడటం నా పని. ఉంటే దాని గుడ్లన్నీ కాల్చేయాలి. అందుకే ఒకరు చూసింది చాలదు. మొదటి మనిషి ఏం చూశాడో తెలియకుండా రెండో మనిషి చూడాలి. మా ఆఫీసులో పాత మైక్రోస్కోపు వేలం వేస్తే నేను పాడుకున్నాను. దానితోపాటు మా ఆఫీసు పద్ధతిని కూడా ఆమె ఇంటికి తెచ్చుకుంది. ముందు తను లెక్కపెట్టి, సంఖ్యను చీటీమీద రాసి మడిచి, గుల్ల ఉన్న చిన్న గాజు సీసా కింద పెట్టేది. తరువాత నేను లెక్కపెట్టి నా చీటీ ఇచ్చేవాణ్ని. రెండూ ఆమే విప్పి, లేబుల్ రాసి పెట్టెలో పెట్టేది. ఎంత వచ్చిందని నేనడిగితే, "ఐదూ అయినాక మాట్లాడదాం" అనేది. ఒక్క గుల్లను చూసి జాతి అనకూడదని, కనీసం ఐదైనా కావాలని ఆమె పట్టుదల. ఒకే రకానివి ఐదు దొరకడానికి కొన్నేళ్లు పట్టింది. ఎన్ని సంచులు జల్లెడ పట్టిందో నాకు తెలియదు.

ఆ నూక మాకు రొద్దం దారిలో కోళ్ల ఫారం నడిపే ఆయన దగ్గర నుంచి వచ్చేది. ఆయన్ని మేము భాయ్ అని పిలిచేవాళ్లం. లోడు తమిళనాడు తీరం నుంచి వస్తుందని లారీవాళ్లు చెప్పేవారు, ఏ ఊరో చెప్పలేకపోయేవారు. భాయ్ ఒకసారి సర్దిచెప్పబోయాడు. "ఏదో ఒక ఊరు రాసేయండి మేడం, సముద్రం వచ్చి అడుగుతుందా?" ఆమె నవ్వింది. ఇంటికొచ్చి లేబుల్‌మీద, 'రొద్దం దారి, కోళ్ల మేత సంచి. ఏ తీరమో తెలియదు' అని రాసింది. తెలియనిది తెలియదని రాస్తే తరువాత వచ్చేవాళ్లు వెతుక్కుంటారని, తప్పు రాస్తే వెతకడం మానేస్తారని అనేది.

పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా జవాబు తను చెప్పేది కాదు. "మళ్లీ చూడు" అనేది. ఎన్నిసార్లైనా అంతే. "చెప్తే అది నాది. చూస్తే నీది" అనేది. ఈ అలవాటు ఇంట్లోనూ ఉండేది. కళ్లద్దాలు ఎక్కడున్నాయని అడిగితే చెప్పేది కాదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, ధర్మవరం నుంచి వచ్చిన వదిన, అంటే నా భార్య అక్క, మైక్రోస్కోపు ఉన్న గది తలుపు దగ్గరే ఆగిపోయింది.

"సచ్చిన పురుగుల ఇండ్లన్నీ ఇంట్లో పెట్టుకొని కూసున్యారు ఇద్దరూ. ఇంగనన్నా బయట పారేయప్పా."

"ఉండనీ వదినా."

"రేత్రి ఈ గదిలో ఏమో జల్లించినట్ల ఇనిపించింది నాకు. నువ్వేనా?"

నేను కాదు. ఎలుకలై ఉంటాయన్నాను. నాకూ పొద్దున ఆరున్నరకు, ఆమె జల్లెడ పట్టే సమయానికి, మెలకువ వస్తోంది. శబ్దం విన్నానని రాయడం లేదు. విన్నవాడిలా లేస్తున్నానని మాత్రం రాస్తున్నాను.

మరి కొన్నాళ్లకు ఫారానికి వెళ్లాను. భాయ్‌కి సంగతి తెలియదు. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. షెడ్డు లోపలికి అడుగుపెట్టగానే వేల కోళ్ల గోల ఒక్కసారి ఆగిపోయింది. ఫ్యాన్ల శబ్దం మాత్రం మిగిలింది. భాయ్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చూస్తిరా సార్, మేడం వస్తే ఇట్లే మూగబోతాయి ఇవి. ఏం, ఈ తూరి శానా దినాలకు వచ్చినారే." నా భుజం పైనుంచి తలుపు వైపు చూశాడు. "మేడం యాడ? ఆటోలోనే ఉండారా?"

చెప్పాను. ఆయన నూక సంచిమీద కూర్చుండిపోయాడు. కోళ్లు ఇంకా అరవలేదు.

"నేనొక్కణ్నే పోతే ఇవి అరుస్తానే ఉంటాయి సార్," అన్నాడు చివరికి. "మరి ఇప్పుడేమయింది వీటికి?"

కొత్త మనిషిని చూస్తే కోళ్లు అలా చేస్తాయని ఆమే నాకు ఒకసారి చెప్పింది. నేను అక్కడికి కొత్తవాణ్ని కాను. ఆమె కోసం పక్కన పెట్టిన సంచిని ఆయన ఆటోలోకి ఎక్కించాడు. వద్దనలేకపోయాను.

మర్నాడు పొద్దున మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ఐదో గుల్ల అద్దం కింద ఆమె పెట్టినట్టే ఉంది. దాని ఖాళీ సీసా పక్కన, మడిచిన చీటీమీద ఉంది. ఇద్దరి చూపూ ఒకటి కాదు. ఆమె చూశాక నేను చూడాలంటే ప్రతిసారీ చూపు కుదిర్చే మర సగం చుట్టు తిప్పాల్సి వచ్చేది. తిప్పడానికి చెయ్యి రాలేదు. ఆ సగం చుట్టులో ఆమె చూపు ఉంది, తిప్పితే పోతుంది. తిప్పకుండానే కన్ను ఆనించాను. మసకగా కనిపిస్తుందనుకున్నాను. స్పష్టంగా కనిపించింది. ప్రతి గట్టూ, మధ్యలో వెంట్రుక కంటే సన్నటి అడ్డగీతలూ, అన్నీ. శుక్లం ముదిరేటప్పుడు చూపు ఇలా మారుతుందని కంటి డాక్టరు తరువాత చెప్పారు. కావచ్చు.

మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పద్నాలుగు. చీటీమీద రాశాను. విప్పడానికి ఆమె లేదు కాబట్టి ఆమె చీటీ నేనే విప్పాను.

'నాది 15. ఆయన 14 రాస్తారు. చివరిది వదిలేస్తారు.'

తరువాత పెట్టె తెరిచి మిగతా నాలుగు లేబుళ్లు తిప్పి చూశాను. నాలుగింటి వెనకా ఆమె అక్షరాలే. 'ఆయన 14. చివరిది వదిలారు.' అన్నీ రాసి పెట్టింది. నాకు మాత్రం చెప్పలేదు. ఐదోసారైనా నేనే చూస్తానని కాచుకుని ఉంది.

ఆమె నోటుపుస్తకంలో మిగతాది ఉంది. తెలిసిన జాతుల్లో దీనికి దగ్గరి దానికి చివరి చుట్టుమీద పక్కటెముకలు పద్నాలుగు దాటవు. చివరి అంచును కూడా కలిపి లెక్కపెడితేనే ఆ పద్నాలుగు. నత్త కొన్నాళ్లు పెరిగి ఆగుతుంది. ఆగిన చోట అది బయటికి వచ్చే వాకిలి అంచు మందమవుతుంది. మళ్లీ పెరిగినప్పుడు ఆ అంచే ఒక పక్కటెముకగా వెనక మిగిలిపోతుంది. గుల్లమీద ఉన్నవన్నీ ఒకప్పటి వాకిళ్లే. చివరిది, అది చచ్చిపోయిన నాటి వాకిలి. అంచు మందమైతేనే పక్కటెముక కింద లెక్క, నాకు అది పలచటి వాకిలిగానే కనిపించింది. పదిహేనే నిజమైతే, ఆ ఐదు గుల్లలూ ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతివి. పద్నాలుగైతే పుస్తకంలో ఉన్నదే. అప్పుడు ఆమె ఇన్నేళ్ల పని ఒక పొరపాటు.

మళ్లీ చూశాను. ఈసారి పదిహేను కనిపించాయి. మిగతా నాలుగూ చూశాను. అన్నింటికీ పదిహేనే. చివరిది అంచుమీదే తెల్లగా, మందంగా, ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎలా వదిలానో అర్థం కాలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా పద్నాలుగు రావడం లేదు. అది అక్కడ ఉన్నందుకు కనిపిస్తోందో, ఆమె చెప్పినందుకు కనిపిస్తోందో నాకు తెలియడం లేదు. ఇలాంటి కన్ను చూసిన గుడ్లను మా ఆఫీసులో దాటనిచ్చేవాళ్లు కాదు.

ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు ధర్మవరంలో జువాలజీ చెబుతోంది. ఈ నత్తల గురించి నా భార్యతో కలిసి పరిశోధన వ్యాసం రాయాల్సిన మనిషి. నిన్న ఫోన్ చేసింది.

"సార్, ఐదోది లెక్కపెట్టేసినానని మేడం ఫోన్లో చెప్పినారు. మీదొక్కటే మిగిలిందంట. అయిందా?"

"అయింది."

"రెండూ ఒకటేనా సార్? ఒకటే అయితే నేను రాసి పంపించేస్తా. మేడం పేరుతోనే పోతుంది."

నా చీటీ బల్లమీదే ఉంది. దాన్ని చింపి ఇంకొకటి రాస్తే అడిగేవాళ్లు లేరు. పదిహేను అని ఇప్పుడు నేను చెప్పినా అది అబద్ధం కూడా కాదు, కళ్లకు అదే కనిపిస్తోంది. ఫోన్లో ఆ అమ్మాయి రెండుసార్లు "సార్" అంది.

"ఒకటి కాదమ్మా," అన్నాను. "ఎంతని అడగొద్దు. నువ్వు లెక్కపెట్టాల. నేను తెస్తా."

ఆ అమ్మాయి ఏడుస్తోందేమో, ముక్కు ఎగబీల్చి అంది. "మేడం కూడా ఇట్లే చెప్పకుండా సంపేవారు సార్."

నా చీటీ చింపలేదు. ఆమె చీటీతోపాటు పెట్టెలో పెట్టాను. లేబుళ్లన్నీ ఇంట్లోనే ఉంచి, సీసాలకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు మాత్రం అంటించాను.

రేపు ఉదయం ధర్మవరం వైపు వెళ్లే మొదటి రైలు ఎక్కుతాను. సీసాలు దూదిలో చుట్టి చొక్కా పైజేబులో పెట్టుకుంటాను. కాలేజీ తెరిచే వేళకు అక్కడ ఉంటాను. ఆ అమ్మాయి చేతికి వాటిని ఇచ్చి, గది బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, వరండాలో కూర్చుంటాను. ఆ అమ్మాయి మళ్లీ చూస్తానంటే మళ్లీ చూడనిస్తాను.