రెండు చుట్లు తక్కువైన సముద్రం

“ఏవయ్యా, సముద్రం ఎప్పుడైనా చూశావా?”

1997 ఏప్రిల్‌లో మేడ్చల్ దాటాక రావల్కోల్ దారిలో ఉన్న ఒక కోళ్ల షెడ్డులో, కృష్ణారావు అనే రొయ్యల రైతు మల్లేశాన్ని అడిగాడు. అప్పటికి ఏడాదిగా మల్లేశం రోజుకు ఇరవైసార్లు సముద్రాన్ని నడుపుతున్నాడు.

“లే, జూడలే” అన్నాడు మల్లేశం.

“చూడకుండానే తిప్పేస్తున్నావా?” అని కృష్ణారావు నవ్వి, పక్కనున్న ఇంజనీరుతో, “బావుందండీ మీ సైన్సు” అన్నాడు.

ఆ ఇంజనీరు పట్టాభిరామయ్య. కాకినాడ వైపు మనిషి. సర్కారు నౌకరీ నుంచి దిగిపోయాక మేడ్చల్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకుని చిన్న కంపెనీ పెట్టాడు. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు ఎటు పోతాయి, వాటిలో కలిసిన మురికి ఎటు పోతుంది, ఎన్నాళ్లుంటుంది అన్నది తేల్చి చెప్పడం ఆయన వ్యాపారం. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో ఈ కంపెనీ ఏమిటని ఎవరైనా అడిగితే, “ఇక్కడ షెడ్డు అద్దె చవక” అనేవాడు. అది నిజం. కోళ్లకు జబ్బొచ్చి ఖాళీ అయిన షెడ్డు, నూట ఇరవై అడుగుల పొడవు. పన్నెండు కిలోమీటర్ల ఉప్పుటేరు వంద అడుగుల నమూనాగా అందులో పట్టింది.

సిమెంటుతో పోసిన ఆ ఏటిలో ఒక అడుగంటే నూట ఇరవై మీటర్లు. ఒక కొసన సముద్రం, అంటే ఒక తొట్టి. పైన ట్యాంకు నుంచి తొట్టిలోకి ఇనుప చక్రమున్న తూము. చక్రం తిప్పితే తొట్టి నిండి, నీళ్లు ఏట్లోకి ఎగబాకుతాయి. మూసి, కింది తూము తెరిస్తే వెనక్కి తీస్తాయి. పన్నెండున్నర గంటల ఆటుపోటు అక్కడ పదమూడు నిమిషాల్లో ముగిసేది.

చక్రం తిప్పడానికి పట్టాభిరామయ్యకు నమ్మకమైన చెయ్యి కావాలి. శామీర్‌పేట పక్క ఊళ్లో మల్లేశం ఖాళీగా ఉన్నాడు. అతని తాతా నాయినా నీరట్లు. చెరువు తూము తెరిచి మూస్తూ ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచే పని వాళ్లది. మల్లేశం కూడా ఇరవై ఏళ్లు ఆ పనే చేశాడు. తర్వాత బోర్లొచ్చాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, నీరటిని పిలిచేవాడు లేకుండా పోయాడు. నలభై రెండేళ్ల వయసులో, నెలకు పదిహేను వందలకు, అతను సముద్రం పనిలో చేరాడు.

మొదటి రోజు పట్టాభిరామయ్య గడియారం చూసుకుంటూ, “పోటు!” అని అరిచాడు.

మల్లేశం చక్రం వదిలేసి ఉరికొచ్చాడు. “ఏడ సారూ, కడుపులనా?”

పోటంటే సముద్రం పొంగడమని, తీస్తే ఆటు అని చెప్పేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మల్లేశం గంటసేపు గట్టుమీద గొంతుక్కూర్చుని చూశాడు. ఇరవై ఏళ్లు నీళ్లతో బతికినవాడు, వెనక్కి నడిచే నీళ్లను ఎన్నడూ చూడలేదు.

“గదేంది సారూ, పోయిన నీళ్లు మళ్ల వస్తున్నయ్?”

“వస్తాయి. అదే కదా మన గోల.”

గోల ఏమిటంటే, కృష్ణారావు కార్యదర్శిగా ఉన్న రొయ్యల రైతుల సంఘం చెరువుల మురికినీళ్లను ఆ ఏట్లోకి వదలాలనుకుంది. చెరువుల పక్కనే వదిలితే పైపు ఖర్చు లేదు. మొగ దాకా, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు దాకా, తీసుకెళ్లి వదలాలంటే మూడు కిలోమీటర్ల పైపు వేయాలి. ఏటికి ఎగువన పైరేవు అనే పల్లె ఉంది. అక్కడి చిన్న రైతులు అదే ఏట్లోంచి మోటార్లతో నీళ్లు తోడుకుని రొయ్యలు పెంచుకుంటారు. షెడ్డులో పైరేవు ఒక తెల్లసున్నం కొట్టిన ఇటుక. దగ్గర వదిలిన మురికి పోటుతో ఆ ఇటుక దాకా ఎక్కుతుందా, ఎక్కదా? సంఘం డబ్బిచ్చింది ఈ ఒక్క ప్రశ్నకు.

బావుల్లో వేసే ఊదారంగు మందు కలిపి వదిలి చూశారు. మూడు వారాలు, అరవైసార్లు. రంగు ఎక్కేది, ఇటుకకు నాలుగడుగుల దూరంలో తడబడి దిగిపోయేది. పోటు మట్టం అర వేలెడు తక్కువ చూపిస్తోందని పట్టాభిరామయ్యకు తెలుసు. సిమెంటు బీటల్లో ఇంకుతోందనుకున్నాడు. ఎండకు ఆవిరవుతోందనుకున్నాడు. చివరికి, “దగ్గర వదిలినా పర్లేదనిపిస్తోంది. సోమవారం రాసిస్తా” అని కృష్ణారావుతో అన్నాడు. కృష్ణారావు ఉత్సాహంగా షెడ్డంతా తిరిగి, వెళ్లబోతూ మల్లేశాన్ని అడిగిందే పైన చెప్పిన ప్రశ్న.

ఆ మాట మల్లేశానికి గుచ్చుకుంది. సాయంత్రం చాయ్ తాగుతూ అడిగాడు.

“సారూ, సముద్రం తూము ఎవలు మూస్తరు?”

“ఎవరూ మూయరు. చంద్రుడు లాగుతాడు, వదుల్తాడు.”

“మరి నీళ్లు ఎవలు మిగులవెడ్తరు?”

“మిగల్చడమేంటయ్యా? ఉన్నదంతా వస్తుంది, ఉన్నదంతా పోతుంది.”

మల్లేశం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

పల్లెటూరి మనిషి అనుభవం ముందు పట్నం చదువులు చిన్నబోయిన కథలు మనం చాలా విన్నాం, సెమినార్లలో చప్పట్లూ కొట్టాం. ఇక్కడ గండి కొట్టింది ఆ అనుభవమే. పోటుకు చక్రం పదకొండు చుట్లు తిప్పాలి. మల్లేశం తొమ్మిదే తిప్పేవాడు. తూము ఎన్నడూ మొత్తం ఎత్తకూడదని, ఆఖరు మడికి కొన్ని నీళ్లు ఆపుకోవాలని నాయిన నేర్పాడు. ఆ మాట అతని మణికట్టులో ఉంది. అసలే ఎండాకాలం, ట్యాంకరు నీళ్లు. ఆపుకోవడం మంచిపనే అనుకున్నాడు, నిజానికి అంత ఆలోచించనూ లేదు.

చాయ్ దగ్గర సారు మాటతో అది తెలిసొచ్చి, ఆ రాత్రి ఇంట్లో భార్య విజయమ్మకు చెప్పాడు.

“నీ చుట్లు ఎవలన్న లెక్కవెట్టిండ్రా?” అంది ఆమె.

“లే.”

“ఇగ నోర్మూసుకోని అన్నం దిను. గీ వయసుల ఇంకో పని ఎవడిస్తడు నీకు?”

ఆమె చెప్పింది సబబే. అన్నం తిన్నాడు. కానీ పదకొండు తిప్పితే రంగు ఎక్కడిదాకా పోతుంది? దీన్ని నిజాయితీ అనడం సులువు. మల్లేశాన్ని పట్టి పీడించింది మాత్రం ఆ ప్రశ్నే.

మర్నాడు పొద్దున సారు రాకముందే షెడ్డుకు పోయి, మోటారు వేసి, రంగు వదిలి, పదకొండు చుట్లూ తిప్పాడు. మొదటి పోటుకు రంగు ఇటుకకు రెండడుగుల దూరం దాకా వచ్చింది. రెండో పోటుకు అడుగు. నాలుగో పోటుకు ఊదానీళ్లు ఇటుక చుట్టూ తిరిగి, సున్నాన్ని తడిపి, అక్కడే నిలిచిపోయాయి. ఆటు తీసినా మరక పోలేదు.

పట్టాభిరామయ్య స్కూటరు ఆపి లోపలికొచ్చేసరికి మల్లేశం ఇటుక పక్కన కూర్చుని ఉన్నాడు.

“ఏం చేశావు?”

“పదకొండు తిప్పిన సారూ.”

“మరి ఇన్నాళ్లూ?”

“తొమ్మిది.”

“తొమ్మిదేంటి? ఎందుకు?”

“ఆఖరు మడికి.”

“ఏ మడయ్యా! ఈ షెడ్డులో మడెక్కడుంది?” అని అరిచి, ఆయన గట్టుమీద కూలబడ్డాడు. కాసేపటికి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి స్కేలు తీసుకుని మట్టం కొలిచాడు. ఆ అర వేలెడు తేడా పోయింది.

వారంపాటు చుట్లు ఆయనే పైకి లెక్కబెడుతూ మళ్లీ నడిపించాడు. ప్రతిసారీ ఇటుక తడిసింది.

కృష్ణారావు ఫోన్లో మండిపడ్డాడు. “సముద్రం చూడనివాడి మాట మీద మాకు మూడు కిలోమీటర్ల పైపు అంటగడతారా? ముందు చెప్పిందే రాసివ్వండి, చివరి వాయిదా రేపే పంపిస్తా.” పట్టాభిరామయ్య రెండు రోజులు గదిలో పచార్లు చేశాడు. “నీ రెండు చుట్లకి నా అరవై వేలు పోయేట్టున్నాయి మల్లేశం” అన్నాడు. మూడో రోజు, మొగ దాకా పైపు వేయాల్సిందేనని రాసి పోస్టు చేశాడు. వాయిదా రాలేదు. ఏడాది తిరక్కుండా షెడ్డూ ఖాళీ చేశాడు. ఆ తర్వాత ఒప్పుకున్న ఏర్లను కంప్యూటర్లో నడిపాడు. వాటికి చక్రం లేదు.

2001లో కొలతల పనిమీద అదే ఏటికి వెళ్తూ, నీటి మట్టం చూసి రాయడానికి మల్లేశాన్ని వెంటబెట్టుకుపోయాడు. మల్లేశం మొగలో మోకాలి లోతున నిలబడి పోటు కోసం చూశాడు. పది నిమిషాలైంది. అరగంటైంది. నీళ్లు రెండు వేళ్లు పెరిగాయి.

“గింత సుస్తేంది సారూ గిది! మనది మస్తు జల్దీ వచ్చేది.”

అప్పుడే కాలికి గట్టిగా ఏదో తగిలింది. వంగి తడిమాడు. నల్లటి లావుపాటి పైపు. సంఘం చెరువుల నుంచి మూడు కిలోమీటర్లు వచ్చి, రిపోర్టులో గీసినచోటే నోరు తెరుచుకుని ఉంది.

సంఘం పట్టాభిరామయ్యకు అరవై వేలు, పట్టాభిరామయ్య మల్లేశానికి నాలుగు నెలల జీతం ఆరు వేలు ఇంకా బాకీ.