కారు ముక్కు దించిన పెండ్లి

ముందే చెప్తున్నాను, నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. కరీంనగర్‌లో ఇరవై ఏండ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ని. స్కూటర్ ఆగిపోతే ఒక పక్కకు వంచి మళ్లీ కిక్ కొట్టడం వరకే నా విద్య. అలాంటివాణ్ని ఒక కారు ముందు భాగం కిందికి దించే పనికి పెద్దమనిషినయ్యాను. అది కూడా మా బిడ్డ పెండ్లికి రెండు రోజుల ముందు.

తాబేలు బొమ్మలా ఉండే పాత జర్మనీ కారు అది. ఒక గ్రానైట్ వ్యాపారి షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే మా బిడ్డ చూసి తెచ్చుకుంది. ఇంజన్ వెనకాల ఉంటుంది. నీళ్లు పోసే పని లేదు, గాలికే చల్లబడుతుంది. ఏడాది పాటు సెలవు రోజుల్లో తానే విప్పి, తానే బిగించి, నడిచేలా చేసింది. సంబంధం కుదిరాక ఒక రోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నాన్నా, నాకు ఒక్కటి గావాలె. బరాత్ల గీ కారు నేనే నడుపుత. దాని ముక్కు జర కిందికి దించాలె, సోకుగుంటది. గంతే."

సరే అన్నాను. అనకుండా ఎలా ఉంటాను? పదో తరగతి అయ్యాక ఆమెకు పాలిటెక్నిక్‌లో మెకానికల్ సీటు వచ్చింది. క్లాసు మొత్తంలో తను ఒక్కతే ఆడపిల్ల అవుతుందని తెలిసి నేను పంపలేదు. ఇంటర్, డిగ్రీ, బీఎడ్ చేయించాను. ఆమె గొడవ చేయలేదు, ఏడవలేదు. నన్ను ఏదైనా అడగడం మాత్రం మానేసింది. ఇన్నేండ్లకు నోరు తెరిచి అడిగిన మొదటి మాట ఇది. ఇదీ తప్పితే ఇక ఆమె ముందు నిలబడడానికి నాకు ముఖం ఉండదు.

"నేనే దించుకుంట, ఒక్క పూట పని" అంది. పెండ్లిపిల్లవు, నీకెందుకమ్మా, నేను చేయిస్తాను అన్నాను. నా తెలివి ఎప్పుడూ అంతే, ఒకసారి తెల్లారితే సరిపోదు, మళ్లీ తెల్లారాలి.

కరీంనగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను ముందు బానెట్ ఎత్తి చూసి, గౌరవంగా దించేసి, "సార్, ఇంజన్ ఎవడో ఎత్తుకపోయిండు. మొదలు పోలీస్ స్టేషన్ల కాయితం పెట్టుండ్రి" అన్నాడు. ఇంకొకడు వెనక చూసి మరీ భయపడ్డాడు. పెండ్లి ఎలాగూ మందమర్రిలో, మా బాపు ఇంటి దగ్గరే. అక్కడికే తోలుకుపోయాం.

మా బాపు బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన జతగాళ్లు ఇద్దరు, వాళ్లూ ఫిట్టర్లే. ఒకాయనను మీసాల కాక అంటాం. రెండో ఆయన బతుకంతా రాత్రి షిఫ్టు చేసినవాడు, ఇప్పటికీ తెల్లవారుజామున నిద్రపట్టక వీధుల్లో తిరుగుతుంటాడు. ఆయన రాత్రి షిఫ్టు కాక. ముగ్గురూ కారును చూసి చుట్టూ తిరిగారు, వంగి చూశారు, గుద్ది చూశారు. వాళ్ల ముఖాల్లో అంత వెలుగు నా పెండ్లిలో కూడా చూడలేదు.

సంగతి ఇంతే. ఆ కారు ముందు చక్రాల మధ్య అడ్డంగా రెండు ఇనుప గొట్టాలుంటాయి. వాటిలో స్ప్రింగులా పనిచేసే కమాన్ పట్టీలు కట్టలుగా దూర్చి ఉంటాయి. ముందు భాగాన్ని మోసేవి అవే. కొన్ని తీస్తే ముక్కు దిగుతుంది. ఎన్ని తీయాలో బిడ్డ లెక్క కట్టి చెప్పింది, రెండే రెండు.

"సూపర్‌వైజర్ ఎవలు?" అని అడిగాడు బాపు.

పరాచికం అనుకుని "నేనే" అన్నాను.

"అయితే గోడ మీద పని రాయి."

జేబులో సుద్దముక్క లేని పంతులు ఉండడు కదా. పందిరి పక్క గోడ మీద గుండ్రటి అక్షరాలతో రాశాను: ముందు భాగం దించాలి. రెండు పట్టీలు తీయాలి. రాసి, మిగిలిన పెండ్లి పత్రికలు పంచడానికి ఆసిఫాబాద్ బస్సెక్కాను. చుట్టాల ఇండ్లలో చాయ్ తాగి, తాగి, రాత్రి అక్కడే ఉండిపోయాను.

మరునాడు పొద్దున్నే వచ్చేసరికి కారు సాష్టాంగపడి ఉంది. ముందు చక్రాలు మడ్‌గార్డుల్లోకి దూరిపోయాయి, బంపరు నేలను ముద్దు పెట్టుకుంటోంది, వెనక భాగం మాత్రం ఆకాశం వైపు లేచి ఉంది. రాత్రి షిఫ్టు కాక పక్కనే మంచం మీద హాయిగా గుర్రు పెడుతున్నాడు.

విచారణ చేస్తే తేలింది ఇది. మొదటి షిఫ్టు మా బాపుది. రెండు పట్టీలు తీశాడు, బిగించాడు, గని సైరన్ మోగగానే పానా కింద పెట్టి స్నానానికి పోయాడు. రెండో షిఫ్టు మీసాల కాకది. వచ్చాడు, గోడ చదివాడు, రెండు తీశాడు. తెల్లవారుజామున రాత్రి షిఫ్టు కాక వచ్చాడు, గోడ చదివాడు, ఆయనా రెండు తీశాడు. ముగ్గురూ రిటైరై పదేండ్లు దాటింది. ఆ సైరన్‌తో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

"పని అయినంక గోడ మీది రాత తుడువాలె గదా బాపూ!" అని అరిచాను.

బాపు నన్ను బడి ఎగ్గొట్టిన పిల్లగాణ్ని చూసినట్టు చూశాడు. "ఫిట్టర్ ఎట్ల తుడుస్తడురా? సూపర్‌వైజర్ వచ్చి, పని జూసి, ఆయనే తుడువాలె. నువ్వు రాలే. రాత అట్లనే ఉన్నది. రాత ఉన్నదంటే పని ఉన్నట్టే."

"రాసింది చేసినం" అన్నాడు మీసాల కాక. రాత్రి షిఫ్టు కాక మంచం మీది నుంచే, కండ్లు తెరవకుండా, "నేను సుత" అన్నాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. రాసింది నేను, సూపర్‌వైజర్ నేను. లోపల బిడ్డకు పసుపు రాస్తున్నారు, పాటలు వినపడుతున్నాయి. రేపు సాయంత్రం బరాత్. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

పోనీ నాలుగు పట్టీలు వెనక్కి పెడితే సరిపోతుంది కదా, ఏవి అవి? బాపు తీసిన రెండు వైరుతో కట్టి, నూనె గుడ్డ చుట్టి, ఆయన మంచం కింద భద్రంగా ఉన్నాయి. రాత్రి షిఫ్టు కాక తీసిన రెండు పందిరి గుంజకు ఊతంగా దిగ్గొట్టి ఉన్నాయి. గుంజ ఊగుతుందని దిగ్గొట్టాడట, పుణ్యాత్ముడు. ఇక మీసాల కాకవి కనపడలేదు. ఆయన మీసం దువ్వుకుని, వంటల వైపు చూపించాడు.

గాడిపొయ్యి మీద, ఆ రెండు పట్టీల మీద, బగారన్నం గంగాళం కూర్చుని ఉంది. వంటాయన గరిటె అడ్డం పెట్టాడు.

"అన్నం ఉమ్మగిల్లకుండ గంగాళం దించితే మూడొందల మందికి మీరే జవాబు చెప్పుండ్రి సార్."

అన్నం అయ్యేవరకు నలుగురం ఆ పొయ్యి ముందు నిలబడ్డాం. అయ్యాక పట్టీలు తీసి నీళ్లు కొట్టి చల్లార్చారు. ముగ్గురూ వాటిని పట్టుకుని కారు దగ్గరికి నడుస్తుంటే గడప దగ్గర మా బిడ్డ కనపడింది. ముఖానికి, చేతులకు పసుపు. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"తాతా, అవి పెట్టకుండ్రి. మంట తిన్నయి. రంగు జూడు, నీలం తిరిగినయి. సత్తువ పోయింది వాటికి."

బాపు ఒక పట్టీని వెలుగులోకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. జతగాళ్లకు చూపించాడు. ముగ్గురూ బిడ్డ వైపు తిరిగారు.

"అన్ని ఒక్కటే కొలత. నీ మంచం కిందివి రెండు, గుంజకున్నవి రెండు లోపలికి పోతయి. గీ కాలినవి రెండు బయటనే ఉంటయి. లెక్క సరిపాయె" అంది. లెక్కల పంతులును నేను. నాకు తట్టలేదు.

చెప్పి లోపలికి వెళ్లలేదు, కొంగు బిగించి కారు దగ్గరికొచ్చింది. మా ఆవిడ ఉరికొచ్చింది. పెండ్లిపిల్లను చేసినంక గడప దాటుడేంది, ఎవలన్న జూస్తే ఏమంటరు అని కేకలు. నేను చేయిస్తాను అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. బాపు మాత్రం చాలా శాంతంగా, "పెండ్లిపిల్ల చేతుల ఇనుము ఉండాలె అంటరు గదనే. దిష్టి తగలదని కత్తో అడ్డకత్తెరో ఇయ్యరా? పానా సుత ఇనుమే" అని పానా ఆమె చేతికిచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఆమె కారు కింద పడుకుని పని చేసింది. పసుపు కాళ్లు రెండే బయటికి కనపడుతున్నాయి. కింది నుంచి ఏ కొలత అడిగితే ఆ పానా ముగ్గురు ముసలివాళ్లూ వరుసగా అందించారు. మధ్యలో సైరన్ మోగింది. ఒక్కరూ కదలలేదు. నేను గోడ దగ్గరికెళ్లి ఆ రాతను అరచేత్తో తుడిచేసి వచ్చి, గొడుగు పట్టుకుని ఆమె కాళ్లకు ఎండ తగలకుండా నిలబడ్డాను. నాకు చేతనైన పని అదొక్కటే.

మరునాడు సాయంత్రం పూలదండలు వేసుకుని ఆ కారు ఫంక్షన్ హాలు నుంచి బయటికొచ్చింది. ముక్కు కొద్దిగా వంగి ఉంది. బిడ్డ స్టీరింగ్ పట్టుకుంది, పక్కన అల్లుడు బాసింగంతో బిగుసుకుపోయి కూర్చున్నాడు. ముందు బ్యాండు, డప్పులు. నేను కిటికీ పక్కనే, కారుతో పాటు నడుస్తున్నాను. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన అల్లుడి పెద్దనాయన నాతో కలిశాడు.

"బావా, ముంగట ఎవలు దించిండ్రు? మస్తు కుదిరింది. మీ గనులోల్లేనా?"

బాపూ, ఇద్దరు కాకలూ వెనకే ఉన్నారు. ముందు రోజు పొద్దున నేనూ చేశానంటే నేనూ చేశానన్నవాళ్లు. ఇప్పుడు ముగ్గురూ నా ముఖం చూశారు.

"మా బిడ్డ" అన్నాను.

"అరె! గా లైన్లనే సదివిందా?"

"లే. బీఎడ్."

ఆయన పగలబడి నవ్వి నా భుజం మీద చరిచాడు. "మంచిగ పరాచికాలాడుతవు బావా!"

అప్పుడే డప్పులు జోరందుకున్నాయి. వినపడినా వినపడకపోయినా అనేశాను, గట్టిగానే అన్నాను. "పరాచికం కాదు. సీటొచ్చింది. నేనే పోనియ్యలే. భయపడ్డ."

ఆయనకు వినపడలేదు, చెయ్యి ఊపుకుంటూ ముందుకు పోయాడు. కిటికీలో మా బిడ్డ తల తిప్పలేదు. ముందు ఎత్తైన స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆమె గేరు మార్చి, వంగిన ముక్కు తగలకుండా కారును ఏటవాలుగా, నా వైపుకు తిప్పింది.

"పక్కకు జరుగు నాన్నా" అంది. "చక్రం కాలు మీదికొస్తది."

జరిగాను.