మా ఐసు జట్టు, పెదనాయన కుట్టించిన దూది ప్యాడ్లు

నా చిన్నప్పుడు సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఐసు మీద హాకీ ఆడే పిల్లల జట్టు ఒకటి ఉండేదని చెబితే, ఇప్పటి పిల్లలు నా ముఖం వంక అనుమానంగా చూస్తారు. ఎడారి దేశంలో ఐసు హాకీ ఏమిటి, అందులో నువ్వేమిటి అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ జట్టుకు మొట్టమొదటి గోల్ కీపర్ని నేనే. ఇవాళ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నాను గానీ, పదేళ్ళప్పుడు దూసుకొచ్చే నల్లటి రబ్బరు బిళ్ళకు అడ్డంగా పడిపోయేదాన్ని.

మాది రాయచోటి వైపు. మా నాయన, పెదనాయన పని కోసం వచ్చి కుటుంబాలతో సహా ఖమీస్‌లోనే ఉండేవారు. నాయన సరుకుల బండి నడిపేవాడు. పెదనాయన పిల్లల ఆటల హాల్లో కూలింగ్ మెకానిక్. ఆ హాలు మధ్యలో ఐసు గచ్చు ఉండేది. గచ్చు కింద పైపులు, వెనక గదిలో కంప్రెసర్లు, వాటన్నిటికీ దిక్కు మా పెదనాయన. గొట్టంతో నీళ్ళు పలచగా చల్లి, అది గడ్డకట్టాక ఇంకో పొర, దాని మీద ఇంకో పొర వేసేవాడు. తొందరపెడితే ఐసు పగులుతుందని చెప్పి మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టేవాడు. అంత చక్కటి ఐసు చేసిన మనిషి జీవితంలో ఒక్కసారీ స్కేట్లు కట్టలేదు. కట్టినా నిలబడేవాడని నేననుకోను.

మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉండేది. ఎవరూ లేకపోయినా కరెంటు కాలుతూనే ఉంది కదా, పనివాళ్ళ పిల్లల్ని ఆడనివ్వండి అని ఆయన ముదీర్‌ను, అంటే మేనేజరును, అడిగాడు. ముదీర్ ముక్కుసూటి మనిషి, నవ్వు తక్కువ. అయినా సరేనన్నాడు. ఎవరో విదేశీ కుటుంబం వదిలేసి పోయిన విరిగిన కర్రల్ని పెదనాయన అతికించి, మేకులు కొట్టి మా చేతికిచ్చాడు. హైదరాబాదు వాళ్ళు, పాకిస్తానీలు, సూడాన్ వాళ్ళు, రొట్టెల కొట్టు యెమెనీ ఆయన కొడుకు, నేను, అందరం కలిసి పదకొండు మందిమి. ఆట నియమాలు ఒక వీడియో క్యాసెట్ చూసి నేర్చుకున్నాం. అందులో మాటలు ఎవరికీ అర్థం కావు. అందుకని రెండు నెలల పాటు, కింద పడినవాడు వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలని నమ్మాం. మొదటి వారంలో ఆడినవాళ్ళ కంటే కూర్చున్నవాళ్ళే ఎక్కువ.

అన్నీ కుదిరాయి గానీ గోల్ కీపర్ కాళ్ళకు కట్టే ప్యాడ్లు లేవు. కొనాలంటే ఆ ఊళ్ళో దొరకవు. పెదనాయన కళ్ళు మెరిశాయి. మా తాతలు తరతరాలుగా దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టినవాళ్ళు. దెబ్బ తగలకుండా మెత్తగా చేయడం మాకంటే ఎవరికి తెలుసన్నాడు. పాత పరుపు విప్పి, దూదిని చేత్తోనే పింజలు పింజలుగా విడదీశాడు. బాస్మతి బియ్యం సంచుల గుడ్డతో పెద్దమ్మ సంచులు కుట్టింది. అందులో దూది దట్టించి, బొంతకు వేసినట్టు అడ్డం నిలువు కుట్లు వేశారు. తల మీదికి మోటారు సైకిలు హెల్మెట్. అవన్నీ కట్టుకుని నిలబడితే నేను నడిచే దిండులా ఉన్నానని మా నాయన పడీపడీ నవ్వాడు. కానీ ఎంత గట్టిగా కొట్టినా దెబ్బ తగిలేది కాదు. ఇరవై నిమిషాల సాధనలో నన్ను దాటి బిళ్ళ లోపలికి పోవడం అరుదు. అది చూసి పెదనాయన వీధిలో తలెత్తుకుని నడిచేవాడు.

కొందరు తండ్రులు మాత్రం గొణిగేవారు. ఆడపిల్లను గోల్లో నిలబెట్టడమేమిటని, రేపు బయటి జట్టుతో ఆడితే పరువు పోతుందని వాళ్ళ బాధ. ఆ రేపు రానే వచ్చింది. విదేశీ ఉద్యోగుల కాంపౌండ్ పిల్లలతో ఒక ఆట ఆడిద్దామని ముదీర్ అన్నాడు. కుటుంబాలు వచ్చి హాలు నిండితే మాకు వారంలో రెండు సాయంత్రాలు ఇస్తానన్నాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నాడు. పిల్ల నిలబడలేకపోతే ఆ రోజు నుంచే గోల్లో మగపిల్లాడు ఉంటాడు, మళ్ళీ అడగొద్దు. పెదనాయన ఒప్పుకున్నాడు. నా మీద ఆయనకు అంత నమ్మకం.

శుక్రవారం నమాజు అయ్యాక హాలు కిటకిటలాడింది. తలుపులు తెరుస్తూ మూస్తూ ఉంటే బయటి గాలి లోపలికి కొట్టి, అంతమంది ఊపిరి సెగకు ఐసు పైన సన్నగా చెమ్మ ఊరింది. మొదట్లో రెండు మూడు బాగానే ఆపాను. తర్వాత కాళ్ళు మొరాయించాయి. ఒకసారి పడితే లేవడం నా వల్ల కాలేదు. నేను లేచేలోపు బిళ్ళ నా పక్కనుంచే లోపలికి పోయేది. ఒకటి, రెండు, నాలుగు. మా జట్టు పిల్లలే నన్ను తిట్టారు. గట్టు మీద నుంచి ఒకాయన “మైనే పెహలేహీ కహా థా”, నేను ముందే చెప్పానుగా అని అందరికీ వినబడేలా అన్నాడు. హెల్మెట్ లోపల ఏడ్చాను. నాకు చేతకాదని, ఇన్నాళ్ళూ పెదనాయన ముద్దు చేసి ఆడించాడని అప్పుడే నిశ్చయం చేసుకున్నాను.

సగం ఆటకు విరామం ఇచ్చారు. ముదీర్ అప్పటికే మా జట్టులోని దర్జీ గారబ్బాయిని పిలిచి ప్యాడ్లు కట్టుకోమన్నాడు. పెదనాయన రబ్బరు చెప్పులతోనే ఐసు మీదికి వచ్చి, నా ముందు కూర్చుని ప్యాడు విప్పాడు. విప్పి చేత్తో ఎత్తగానే ఆయన ముఖం మారిపోయింది. మూల పట్టుకుని పిండితే నీళ్ళు ధారగా కారాయి. దూది చెమ్మంతా పీల్చేసి తడి బొంతలా బరువెక్కింది, అంచులు గడ్డకట్టి బిరుసెక్కాయి. మేం ఇరవై నిమిషాలకు మించి ఎప్పుడూ ఆడలేదు కాబట్టి ఆ సంగతి ఎన్నడూ బయటపడలేదు.

అది చూసింది ఆయనా, నేనూ. అంతే. వెనక గదిలోకి తీసుకుపోయి చప్పుడు కాకుండా బాగుచేసి ఆ అబ్బాయికి కట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. చూసినా నాకు కూడా అర్థమయ్యేది కాదేమో, అంత చిన్నదాన్ని. ఆయన లేచి నిలబడి ఆ ప్యాడును రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. ముందు ఉర్దూలో, తర్వాత వచ్చీరాని అరబ్బీలో, చివరికి మావాళ్ళ కోసం తెలుగులో ఒకటే మాట చెప్పాడు.

“తప్పు పిల్లది గాదు, నాది. నీళ్ళు నా చేతి పని, దూది నా పుట్టుక పని. రెండూ ఒకచోటికొస్తే ఏమైతాదో నేను తలుచుకోలేదు. ఈ బరువు కట్టుకొని పెద్దోళ్ళెవురన్నా లేస్తారేమో లేసి సూపించండి.”

ముదీర్ దాన్ని ఒక చేత్తో అందుకోబోయి రెండో చెయ్యి కూడా వేయాల్సి వచ్చింది. ఇందాక అరిచిన పెద్దమనిషికి కూడా అందించారు. ఆయన దాన్ని రెండు చేతులా మోసి కింద పెట్టేశాడు. పావుగంట అడిగి పెదనాయన వెనక గదికి పరుగెత్తాడు. కత్తితో కుట్లు కోసి దూదంతా నేల మీద పడేశాడు. చల్లటి పైపులకు చుట్టే నల్లటి రబ్బరు స్పాంజి అక్కడ చుట్టలు చుట్టలుగా ఉంది. అది నీళ్ళు పీల్చదు. దాన్ని ముక్కలు చేసి సంచుల్లో దట్టించాడు. కుట్టడానికి వ్యవధి లేదు. పెద్దమ్మ ఆడవాళ్ళ వైపుకు వెళ్ళి అడిగితే, ఎవరి ముసుగుకున్న పిన్నీసులు వాళ్ళు తీసిచ్చారు. వాటితో సంచుల మూతులు బిగించారు.

ముదీర్ దర్జీ గారబ్బాయిని పంపేసి నా వైపు చెయ్యి చూపించాడు. రెండో సగంలో నన్ను దాటి ఒక్కటే పోయింది. మేం చిత్తుగా ఓడిపోయాం, అందులో అనుమానం లేదు. అయినా హాలంతా చప్పట్లు కొట్టింది. మా జట్టుకు రెండు సాయంత్రాలు దక్కాయి. గోల్లో నా చోటు నాకు మిగిలింది.

కానీ పెదనాయన చోటు పోయింది. ఆట తెలిసినవాడు కావాలని ముదీర్ కాంపౌండ్ నుంచి ఒక విదేశీ కోచ్‌ను పిలిపించాడు. తప్పు నాదని అంతమందిలో ఒప్పుకున్న మనిషికి పిల్లల్ని అప్పగించడం ఎలా అని కూడా అన్నాడట. పెదనాయన “హాజిర్”, అంటే అలాగేనండి, అని తలూపి తన కంప్రెసర్ల గదికి వెళ్ళిపోయాడు. జట్టు మొదటి ఫోటోలో కొత్త కోచ్ ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు ఆయన ఐసు మీద నీళ్ళు చల్లుతుంటే పక్కన నిలబడి, ఎందుకు చెప్పావు, చెప్పకుండా ఉంటే జట్టు నీదే కదా అని నిలదీశాను.

ఆయన గొట్టం ఆపలేదు. “నా పేరుదేముందిలే అమ్మీ. నాల్గు దినాలు ఐసు బాగా గడ్డకడితే మళ్ళా వస్తాది. నువ్వు చేతగాదనుకోని ఇంటికి పోయింటే, ఆ మాట నువ్వు యాడికి పోతే ఆడికి నీ ఎంబడి వచ్చేది” అన్నాడు.

పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. నేను మదీనాలో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళకు సూపర్‌వైజర్ని. పోయిన నెల గోదావరి వైపు నుంచి ఒకమ్మాయి కొత్తగా చేరింది. ఒక్కో గదికి మిగతావాళ్ళ కంటే రెట్టింపు సమయం తీసుకునేది. ఈమె వల్ల కాదు, తీసేద్దాం అన్నాడు మేనేజరు. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. ఆ నిలబడటం నాకు తెలుసు. ఆమె తోసే సామాన్ల బండి నేనొకసారి తోసి చూశాను. చక్రం బిగుసుకుపోయి కదలడమే లేదు. బండ్లు చూసుకోవాల్సింది నేను. మూడు వారాలుగా చూడలేదు.

ఆ మాట మేనేజరుతో, అందరూ వింటుండగా చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు వణికింది. ఆ రోజు హాలు నిండా జనం ముందు, మూడు భాషల్లో చెప్పినా మా పెదనాయన గొంతు వణకలేదు. ఆయన దగ్గరికి చేరడానికి నాకింకా చాలా దూరం ఉంది.