రెండు వందల తూటాలు

మా ఆయన రాయ్స్ స్టాంపర్ ముప్పై ఒక్క ఏళ్లు కౌంటీ బడి బస్సులు బాగుచేశాడు. శనివారాలు మాత్రం తుపాకులు కాల్చే రేంజ్‌కి వెళ్లేవాడు. పాత క్వారీ వాళ్లు కొండను కోసి వదిలేసిన చోట మా క్లబ్బు రేంజ్ ఉంది. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకు పిస్టల్ పట్టుకోవడం నేర్పేది రాయ్సే. పెళ్లికి ముందు నాకూ అతనే నేర్పాడు. అప్పట్లో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఇంకేం తోచేది కాదు.

ఏ యంత్రాన్నీ అతను మొదటి రోజే నమ్మేవాడు కాదు. కొత్త బస్సు వస్తే ఖాళీగా కొండ ఎక్కించి దించాకే పిల్లల్ని ఎక్కనిచ్చేవాడు. పిస్టల్‌కీ అలాంటి నియమమే పెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా వరుసగా రెండు వందల తూటాలు పేలాలి. నూట తొంభై తొమ్మిదో తూటా దగ్గర ఇరుక్కున్నా లెక్క మళ్లీ ఒకటి నుంచే. క్లబ్బులో కొందరు దీన్ని చాదస్తమని నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లే ఇంటికెళ్లి పాటించేవాళ్లు.

పని మానేసిన ఏడాది అక్టోబరులో కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొన్నాడు. కొత్తదానికి స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. పేలిన ప్రతిసారీ పైనున్న స్లైడ్ వెనక్కి జారి, ఖాళీ తూటా తొడుగును బయటికి విసిరి, ముందుకొస్తూ ఇంకో తూటాను ఎక్కించుకోవాలి. మొదటి యాభైలోనే నాలుగుసార్లు ఆ తొడుగు బయటికి ఎగరకుండా స్లైడ్‌లో చిక్కుకుని నిటారుగా నిలబడింది. మావాళ్లు దాన్ని పొగగొట్టం అంటారు.

పక్క బల్ల దగ్గర డోయల్ ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ రాయ్స్‌కి జతగాడు.

"ఏరా రాయ్స్, పిస్టల్ కొన్నావా, పొయ్యి కొన్నావా? అన్నీ పొగగొట్టాలే లేస్తున్నాయి!"

"నోర్మూసుకుని నీ గురి అట్ట చూసుకో. పది గజాల్లో అట్టనే తగల్లేనోడివి, నాకు చెప్తున్నావా?"

"తగలకపోతే పోయింది. నాది ఆగకుండా పేలుద్దిరా!"

రాయ్స్ నవ్వాడు. "కొత్తది కదా, లొంగుద్ది."

అది లొంగలేదు. ప్రతి వారం వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి, విప్పి, తుడిచి, నూనె వేసేవాడు. వేరే రకం తూటాలు తెచ్చాడు. తూటాలు నింపే మేగజైన్ మార్చాడు. నాలుగో శనివారం అరవై ఒకటి దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ రోజుల్లోనే రాయ్స్ కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. బీట్‌రూట్ పచ్చడి సీసా మూత తియ్యమని నా ముందుకు తోసేవాడు. చూస్తూనే ఉన్నాను. అడగలేదు.

ఐదో శనివారం పిస్టల్ బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు.

"నెల్, నువ్వు కాల్చి చూడు. తప్పు దీనిదో నాదో తేలిపోద్ది."

పది తూటాలు కాల్చాను. పదీ నీళ్లు పోసినట్టు వెళ్లిపోయాయి. రెండో మేగజైన్ తీసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. రాయ్స్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా ఉంది ముఖం.

కొత్తవాళ్లకు అతను చెప్పే మొదటి పాఠం నాకు కంఠతా వచ్చు: మణికట్టు బిగించకుండా వదిలేస్తే స్లైడ్‌కి ఆధారం ఉండదు, పిస్టల్ ఇరుక్కుంటుంది, దాన్ని తిట్టకు, నీ చెయ్యి చూసుకో.

నాలుగో తూటాకి నేను మణికట్టు వదిలేశాను. తొడుగు నిటారుగా లేచి నిలబడింది.

"చూశావా! చూశావా!" రాయ్స్ గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. "పుట్టుకతోనే రోగం దీనికి. కంపెనీకి పంపించేస్తా."

"పంపించు," అన్నాను.

ఆ రోజు బీన్స్, మొక్కజొన్న రొట్టె రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అది కంపెనీ దగ్గరున్న ఐదు వారాలూ తప్పు స్ప్రింగ్‌దా, తొడుగును లాగే కొక్కేనిదా అని వచ్చినవాళ్లందరితో వాదించాడు. మాట తప్పించడానికి నేను గిన్నెలు కడుగుతూ ఉండేదాన్ని.

పిస్టల్ తిరిగొచ్చింది. పెట్టెలో చిన్న కాగితం: నూట ఇరవై తూటాలు కాల్చి చూశాం, ఏ లోపమూ కనబడలేదు. రాయ్స్ రెండుసార్లు చదివాడు. పిస్టల్ ఖాళీగా ఉందని తను చూసి, నాకూ చూపించి, నా చేతికిచ్చాడు.

"ఆ రోజు నీక్కూడా ఇరుక్కుంది కదా. ఎలా పట్టుకున్నావు?"

గోడ వైపు తిప్పి పట్టుకున్నాను.

"ఇలా కాదు నెల్. ఆ రోజు పట్టుకున్నట్టు."

మణికట్టు వదిలాను. పిస్టల్ ముక్కు పైకి లేచింది. రాయ్స్ నా చేతిని చాలాసేపు చూశాడు.

"కావాలనే."

"కావాలనే, రాయ్స్."

కోప్పడతాడనుకున్నాను. "ఎంతమందికి నేర్పానో, ఇంత చక్కగా తప్పు చేసినవాళ్లు ఒక్కరూ లేరు," అన్నాడు. తర్వాత బల్ల మీద కుడిచెయ్యి చాపి, పిడికిలి బిగించడానికి చూశాడు. వేళ్లు సగంలో ఆగిపోయాయి. "డాక్టరు నంబరు తియ్యి."

నరాల జబ్బు. చేతి నుంచి మొదలై పైకి పాకుతుంది. మందు లేదు. ఆ ఐదు వారాలు ముందొచ్చినా ఏ తేడా ఉండేది కాదని డాక్టరమ్మ నాతో రెండుసార్లు చెప్పింది. పంతొమ్మిది నెలలు బతికాడు. చివర్లో మాట కూడా పోయింది.

ఆ జబ్బు పేరు తెలిసిన వారం రాయ్స్ ఒట్టి చేతులతో రేంజ్‌కి వెళ్లాడు. నేను పక్కనే ఉన్నాను. అందర్నీ కాల్చడం ఆపమని, తుపాకులు కింద పెట్టించి, చెప్పాడు: "నా చెయ్యి పోయింది. ఇకమీదట నేను కాల్చే గీత దగ్గరికొస్తే, మిమ్మల్ని నేనెలా వెనక్కి పంపేవాణ్నో అలాగే నన్నూ పంపండి. మొహమాటపడ్డారంటే ఊరుకోను."

డోయల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవర్రా చెప్పింది నీకు? ఆ పట్నం డాక్టర్లు ఏదో ఒకటి అంటారు."

"పిస్టలే చెప్పిందిరా. మా ఆవిడ ఐదు వారాలు ఆలస్యంగా చెప్పింది."

అందరూ నవ్వారు. రాయ్స్ కూడా నవ్వాడు, నా వైపు చూడకుండా. అందులో ఎంత వేళాకోళమో, ఎంత నిజమో అతనికి మాట ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను.