మైవోర్ ఇవ్వని జానెడు

పూర్తికాని పనిని పూర్తయినట్టు ఒప్పుకోకపోవడం మైవోర్ ఎక్‌లండ్‌కున్న ఒకే ఒక్క జబ్బు. టీవీలో ఎన్నికల ఫలితం తేలిపోయిందని చెబుతుంటే, "ఆ ఉత్తరపు కొసనున్న ఊళ్ల ఓట్లు ఇంకా లెక్కపెట్టనీ" అంటుంది. పక్కింటి సీవ్ కూతురి పెళ్లిలో పాస్టర్ ఆశీర్వదించబోతుంటే ఊరంతా కళ్లు తుడుచుకుంటోంది. మైవోర్ మాత్రం సీవ్ చెవిలో, "ఆ అబ్బాయిని ముందు సరేననీ" అంది.

ఇరవై ఏళ్ల పాటు గోల్ఫు ఆడి పొట్టపోసుకున్న మనిషి మరి. స్కాట్లండు గాలుల్లో ఆడింది, జపాను వానల్లో ఆడింది, అమెరికాలో వ్యానులో పడుకుని ఊరూరా తిరిగి ఆడింది. ఆట మానుకున్న రోజున క్లబ్బువాళ్లు కేకు కోయించి, "నేటితో ముగిసిన మీ క్రీడాజీవితం" అని ఉపన్యాసం మొదలుపెట్టారు. మైవోర్ చెయ్యెత్తింది. "ఫిన్లండులో ఇంకో ఆట ఉంది. అది కూడా కానివ్వండి." సగం కోసిన కేకును వారం తర్వాత మళ్లీ కోశారు.

గోల్ఫులో ఒక మర్యాద ఉంది. ఇద్దరు పోటీ పడుతున్నప్పుడు ఒకరి బంతి గుంతకు జానెడు దూరంలో ఆగితే, ఎదుటివాళ్లు "ఇచ్చేశా, తీసెయ్" అంటారు. ఇక కొట్టకపోయినా కొట్టినట్టే లెక్క. మైవోర్ తన జన్మలో ఎవరికీ ఆ మర్యాద చెయ్యలేదు. స్పెయిన్‌లో ఒకసారి ఒక ఇంగ్లీషు అమ్మాయి బంతి గుంత అంచున నిలబడి లోపలికి తొంగిచూస్తోంది. జనమంతా మైవోర్ వంక చూశారు. మైవోర్ ఆకాశం వంక చూసింది. చివరికి ఆ అమ్మాయి కొట్టింది, బంతి పడింది, అమ్మాయి ఏడ్చింది. మర్నాడు పేపర్లు మైవోర్‌ను మంచుగడ్డ అన్నాయి.

"పడింది కదా, ఏడవడమెందుకు?" అని మైవోర్ ఇప్పటికీ అడుగుతుంది.

ఊళ్లో కాఫీల దగ్గరా ఇదే గొడవ. ప్లేటులో ఆఖరి కేకు ముక్కను ఎవరూ ముట్టుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. కంటికి కనబడనంత చిన్నదయ్యాక దాన్ని వదిలేసి లేస్తారు. మైవోర్ ఉంటే లేవనివ్వదు. "ఎవరిదిది?" అని అడిగి ఆకాశం వంక చూస్తుంది. ఇంట్లో ఉంటే పైకప్పు వంక.

అలాంటిదానితో క్లబ్బు సెప్టెంబరు పోటీలో సీవ్ తలపడాల్సి వచ్చింది.

పళ్లడాక్టరు దగ్గర నర్సుగా చేసినన్నాళ్లూ సీవ్ చెయ్యి ఒక్కసారీ వణికి ఎరగదు. రెండేళ్ల కిందట కుడిచేతికి వణుకు వచ్చింది. అప్పటినుంచి క్లబ్బులో ఆడవాళ్లందరికీ ఆమె మీద ప్రేమ పొంగింది. బంతి జానెడు దూరంలో ఉన్నా, నాలుగడుగుల దూరంలో ఉన్నా, "ఇచ్చేశాం సీవ్, తీసెయ్ తల్లీ" అనేవారు. ఈ వేసవి మొత్తంలో తన బంతి గుంతలో పడిన చప్పుడు సీవ్ వినలేదు. అంత ప్రేమ భరించడం ఆమె వల్ల కాలేదు. ఈ పోటీ అయ్యాక క్లబ్బు అధ్యక్షుడు బెర్టిల్‌తో మానేస్తున్నానని చెప్పేయాలనుకుని, "ఆట అయ్యాక ఒక మాట చెప్పాలి" అని అతనితో ముందే అంది.

ఆట రోజు పొద్దున, సీవ్ బూట్లు వేసుకుంటుంటే గోడ అవతల మాటలు వినిపించాయి.

"చూడు మైవోర్, సీవ్‌తో కాస్త మెత్తగా..." బెర్టిల్ గొంతు.

"మెత్తగా అంటే?"

"చిన్నచిన్నవి ఇచ్చేసెయ్. ఆ చెయ్యి చూశావు కదా."

"చూశాను. నేను ఆడేది ఆ చేతితో కాదు, సీవ్‌తో."

మైవోర్ ఆటలో ఆరితేరిన మనిషి కాబట్టి, క్లబ్బు పద్ధతి ప్రకారం సీవ్ లెక్కలో గుంతకో దెబ్బ మినహాయింపు. ఆ మినహాయింపు తప్ప మైవోర్ ఇంకేమీ ఇవ్వలేదు. మొదటి గుంత దగ్గర సీవ్ బంతి జానెడు దూరంలో ఆగింది. అలవాటుకొద్దీ తీయబోయి తలెత్తి చూస్తే, మైవోర్ మేఘాలు పరిశీలిస్తోంది. సీవ్ కొట్టింది. చెయ్యి వణికి బంతి పక్కనుంచి పోయింది. రెండో గుంత దగ్గరా అంతే.

మూడో గుంత దగ్గర బంతి మళ్లీ జానెడు దూరంలో ఆగేసరికి, వెంట నడుస్తున్న బెర్టిల్ ఉండబట్టలేక, "ఇచ్చేయవే మహాతల్లీ" అన్నాడు.

"బంతి ఇంకా గడ్డి మీదే ఉంది, బెర్టిల్."

సీవ్‌కు ఒళ్లు మండింది. రెండేళ్లలో ఆమెకు జాలి తప్ప ఏదీ దొరకలేదు. కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు.

"నీ అంత రాతిమనిషిని ఎక్కడా చూడలేదే."

"ఊఁ. కొట్టు."

ఎడమచెయ్యి కిందికి తెచ్చి, కుడిచేతిని దాని మీద నొక్కిపెట్టి, సీవ్ కొట్టింది. బంతి అటూ ఇటూ ఊగి, గుంతలో టక్కుమని పడింది. ఆ చప్పుడు విని సీవ్ అక్కడే కాసేపు నిలబడిపోయింది.

"జరుగు, నా బంతికి అడ్డం వస్తున్నావు" అంది మైవోర్.

ఆ తర్వాత కొన్ని పడ్డాయి, కొన్ని పోయాయి. ఆఖరి గుంతకు ఇద్దరూ సమానంగా వచ్చారు. అక్కడ సీవ్ తన ఆట ముగించింది. మైవోర్ బంతి జానెడు దూరంలో ఉంది. పడితే సమానం, పోతే సీవ్ గెలుపు. ఇరవై ఏళ్లు దేశాలు తిరిగి ఆడిన మనిషికి జానెడు ఒక లెక్కా? చూడ్డానికి చేరిన జనం చప్పట్లకు చేతులు ఎత్తారు. "ఇచ్చేశా" అని సీవ్ ఒక్క మాట అంటే ఇంటికి పోవచ్చు.

సీవ్ ఆకాశం వంక చూసింది.

చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మైవోర్ మొహం మాత్రం పండగ వచ్చినట్టు వెలిగిపోయింది. వంగి, రెండుసార్లు కొలతలు చూసుకుని కొట్టింది. బంతి గుంత అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చి కూర్చుంది.

"సీవ్, ఏదో చెప్పాలన్నావు?" అన్నాడు బెర్టిల్ చప్పట్ల మధ్య.

"వచ్చే ఏడాది కూడా నాకు మైవోర్‌నే వెయ్యి."

కార్ల దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. సీవ్ అనుమానంగా అడిగింది. "నిజం చెప్పు, కావాలనే వదిలేశావా?"

మైవోర్‌కు కోపం వచ్చింది. "అలా చేస్తే నీకు ఇచ్చేసినట్టు కాదూ? నేనెప్పుడైనా ఎవరికైనా ఇచ్చానా?"

సీవ్ నవ్వుతూ తన పాత కారు తాళం తీయబోయింది. తాళంచెవి రంధ్రం చుట్టూ వణుకుతూ తిరుగుతోంది. దూరంనుంచి బెర్టిల్ సాయానికి పరుగెత్తుకొస్తుంటే, మైవోర్ చేత్తోనే వెనక్కి పొమ్మంది. గొడుగు తెరిచి మొత్తం సీవ్ మీద పట్టి, తను తడుస్తూ, తలుపు తెరుచుకునేదాకా ఏ తొందరా లేనట్టు నిలబడింది.