తలకిందుల కళ్లజోడు, నాలుగు నిమిషాల ఆట

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. లెక్క చెప్పకుండా ఏ సంగతీ మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. కొత్త కళ్లజోడు, ఒకటి. మెడ తిరగని రోజులు, తొమ్మిది. ఎదురుపడినా నన్ను పలకరించడం మానేసిన మనుషులు, పదకొండు మంది. అందులో ఇద్దరు సొంత బంధువులు. నా భార్య బొట్టుబిళ్లల అట్ట, ఒకటి. దాంట్లో ఇంకా వాడనివి పద్నాలుగు. తొమ్మిదేళ్లు సాగిన ఆదివారం ఆటల్లో ఆఖరిది, ఒకటి. సాయంత్రం దాకా సాగాల్సింది నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఇంత నష్టానికీ కారణం ఒకే ఒక్క మనిషి. ఆయనకు అప్పుడు నలభై ఆరేళ్లు. లెక్కల్లో గట్టివాడు, ఎవరి మాటా వినడు. ఇప్పుడాయనకు నలభై ఎనిమిది. ఈ మధ్య కొంచెం వింటున్నాడు.

అనంతపురంలో బోరు మోటార్ల షాపులో నా పని. బడిలో పదో తరగతి దాటలేదు కానీ, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. బోరు ఎన్ని అడుగులు వేశారో, నీళ్లు ఎక్కడ తగిలాయో రైతు చెబితే చాలు. ఎన్ని పైపులు, ఎంత వైరు, ఎన్ని హెచ్‌పీల మోటారు కావాలో కాగితం ముట్టకుండా చెప్పేస్తాను. నీళ్లు ఎన్నాళ్లు వస్తాయని మాత్రం నన్ను అడగకూడదు. ఆ లెక్క మా జిల్లాలో ఎవరికీ రాదు.

టైర్ల షాపు మీద మేడలో ఒక పూల్ టేబుల్ ఉండేది. ఆ పచ్చగుడ్డ చూస్తే ప్రాణం లేచొచ్చేది. మా వైపు మే నెలలో అంత పచ్చదనం ఇంకెక్కడా కనబడదు. అక్కడ ప్రతి ఆదివారం నేను, ఓబులేసు మూడేసి ఆటలు ఆడేవాళ్లం. ఓబులేసుది బత్తలపల్లె. పట్టు మగ్గం మీద అంచులు నేసేవాడు. మధ్యాహ్నం బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవాడు. నేను కర్ర పట్టుకున్నానంటే బంతి ఎక్కడ తగలాలో, ఏ కోణంలో పోవాలో గుణించి, మళ్లీ సరిచూసుకుని కొడతాను. అతను ఒకసారి చూస్తాడు, కొడతాడు. పోగు పోగునూ చూసి నేసిన కన్ను కదా, దానికి గుణకారం అక్కర్లేదు. మూడాటల్లో రెండు అతనివి, ఒకటి నాది. ఎనిమిదిన్నరేళ్లు ఇదే వరస. మేం అక్కడ ఇల్లూ వాకిలీ గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. అయినా వారంలో ఆరు రోజులు నాకు ఆ ఏడో రోజు కోసమే గడిచేవి.

నలభై ఆరో ఏట నాకు చత్వారం వచ్చింది. ఫోనులో నంబరు చూడాలంటే చేయి చాలేది కాదు. దూరం కూడా కొంచెం మసకబారింది. ఎవరికీ చెప్పలేదు. విచిత్రం ఏమిటంటే, చూపు తగ్గేకొద్దీ నా ఆట పెరిగింది. ఆ ఆరు నెలల్లో ఇరవై ఆరు ఆదివారాలు, డెబ్భై ఎనిమిది ఆటలు. అందులో నేను గెలిచినవి అరవై ఏడు. కళ్లు మసకబారితే మెదడు పదునెక్కుతుందని నాకు నేనే ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. మీరు నవ్వుతున్నారు. అప్పుడు నవ్వేవాళ్లు పక్కన ఉంటే బాగుండేది.

అంతలో ఓబులేసు ఒక వార్త తెచ్చాడు. మగ్గానికి పని తగ్గింది, బెంగళూరులో బావమరిది చీరల షాపులో కూర్చోబోతున్నాడు. ఆ వచ్చే ఆదివారమే మా ఆఖరి ఆట. సోమవారం సంసారంతో సహా బయలుదేరుతాడు. అతను బంతులు సర్దుతూ చెప్పాడు, నేను కర్రకు సుద్ద రాస్తూ విన్నాను. ఏమైనా అనాలనిపించింది. మంచిదేలే అన్నాను.

ఇంటికొచ్చాక తట్టింది. నోటితో చెప్పలేనిది ఆటతో చెప్పాలి. బెంగళూరులో చీర మడతపెడుతూ కూడా గుర్తుచేసుకునే ఆట ఒకటి ఆడి అతన్ని సాగనంపాలి. మసక కళ్లతోనే అరవై ఏడు గెలిచినవాణ్ని, చూపు కూడా తోడైతే ఇక చెప్పాలా.

పూల్ ఆడేటప్పుడు మనిషి గడ్డం కర్రకు ఆనేంతగా వంగుతాడు. అప్పుడు కన్ను అద్దం మధ్యలోంచి చూడదు, పై అంచులోంచి చూస్తుంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మా నాయన వాడి వదిలేసిన కళ్లజోడుకు నా భార్య బొట్టుబిళ్లలు వరసగా అంటించి, భోజనాల బల్ల మీద చీపురుకట్ట కర్రలా పెట్టి వంగి, చూపుకు ఏ బిళ్ల అడ్డమొస్తోందో కొలిచాను. అద్దం నడిమికి ఏడు మిల్లీమీటర్లు పైన. పద్నాలుగు సార్లు కొలిచాను. నా భార్య వాకిట్లో నిలబడి కాసేపు చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది. పెళ్లయి ఇరవై ఏళ్లయింది మరి.

కళ్లజోళ్ల షాపులో పరీక్ష చేసిన అమ్మాయి చాలా ఓపిక గలది. దూరానికి అర పవరు, దగ్గరకు రెండు పవరు, కాబట్టి రెండు చూపుల అద్దాలు వేసుకోవాలంది. అద్దమంతా దూరం చూపుకు, కింద చిన్న అరచందమామ లాంటి బిళ్ల చదవడానికి. నేను వెంటనే లెక్క వేశాను. అర పెద్దదా, రెండు పెద్దదా? ఐదు హెచ్‌పీ కంటే పది హెచ్‌పీ మోటారు ఎక్కువ నీళ్లు తోడదా? అంత పెద్ద పవరును తీసుకుపోయి, ఆటలో కన్ను ఎప్పుడూ చూడని అడుగున పెట్టడం ఏం న్యాయం?

"ఆ బిళ్ల పైకి రావాలమ్మా," అన్నాను. "తలకిందులుగా కోయించు."

"సార్, రెండంటే ఎక్కువ చూపు కాదు. దగ్గర చూపు. మీరు చూడాల్సిన బంతి ఎంత దూరంలో ఉంటుంది?"

చూడండి, ఆ అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, అడగాల్సింది అదే. ఆటకైతే మొత్తం ఒకే పవరుతో, టేబుల్ దూరానికి సరిపడేలా, కనుబొమల దాకా వచ్చే పెద్ద అద్దం చేయించుకోమని కూడా చెప్పింది. నేను వినలేదు. ఏడు మిల్లీమీటర్ల సంగతి ఆమెకు బొమ్మ గీసి మరీ వివరించాను. చివరికి ఆమె ఒక చీటీ మీద 'నా కోరిక ప్రకారమే తలకిందులుగా చేయించుకుంటున్నాను' అని రాయించుకుని సంతకం తీసుకుంది. నేను తేదీ కూడా వేశాను.

శుక్రవారం కళ్లజోడు వచ్చింది. పెట్టుకుని వీధిలోకి వస్తే, ఎదురుగా వచ్చే మనుషులకు మొహాలు లేవు. నా చెప్పులు మాత్రం దివ్యంగా కనిపిస్తున్నాయి. గడ్డం ఆకాశానికి ఎత్తితే, అద్దం కింది సగంలోంచి మొహాలు కనిపించాయి. అలవాటు కావాలి కదా అని రెండు రోజులు అలాగే తిరిగాను. మా షాపు యజమాని శెట్టి, జీతం పెంచమని అడగడానికి ఇదో కొత్త పద్ధతి అనుకున్నాడు. మా పిన్నమ్మ కొడుకు నమస్కారం పెడితే, దొర దర్శనమిచ్చినట్టు ముక్కు ఎగరేసి చూశానట. విడపనకల్లు నుంచి వచ్చిన రైతు ఒకాయన మాత్రం నాతో పాటు తనూ తలెత్తి చాలాసేపు పైకి చూశాడు.

"ఏమప్పా, యాడన్నా మోడం కనపడ్తాండాదా?" అన్నాడు ఆశగా.

మబ్బు కాదన్నా, మెడ పట్టిందన్నాను. ఆయన మోటారు కొనకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం నేను ముందే పోయి మెట్ల పైన నిలబడ్డాను. ఓబులేసు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నేను గడ్డం ఎత్తి, ముక్కు మీదుగా అతన్ని చూశాను. అతని మొహం వాడిపోయింది.

"నేను పోతాండానని కోపమా?" అన్నాడు.

కోపమెందుకని మేడ పైకప్పుకు చెప్పాను. కళ్లజోడు సంగతి గెలిచాక చెబుదామని నా ప్రణాళిక.

పూల్ తెలియనివాళ్లకు ఒక్క ముక్క. ఒక్కొక్కరికీ ఏడు బంతులు, అవన్నీ టేబుల్ అంచుల్లోని సంచుల్లో వేశాకే నల్ల బంతి వేయాలి. ముందే వేస్తే ఆట అక్కడికక్కడే ఓడినట్టు. ఓబులేసు మొదటి దెబ్బ కొట్టాడు, అతని బంతి ఒకటి పడింది. రెండో దెబ్బ తప్పింది. నా వంతు. నిలబడి గడ్డం ఎత్తి టేబులంతా పరిశీలించాను. వంకాయరంగు బంతి ఎడమ మూలకు తిన్నగా ఉంది. కోణం గుణించాను, సరిచూశాను, వంగాను.

వంగగానే లోకం మాయమైంది. కర్ర కొస మీది సుద్ద నలుసులు నలుసులుగా కనిపిస్తోంది. నా గోరులో మట్టి కనిపిస్తోంది. దాని అవతల తెల్ల బంతి ఉబ్బిన ఇడ్లీలా ఉంది. ఆ అవతల, నల్లగానో వంకాయరంగులోనో రెండు మూడు మసకలు ఒకదాన్నొకటి కావలించుకుని ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న గుర్తొచ్చింది. కన్ను అద్దంలో ఎక్కడినుంచి చూస్తుందో మిల్లీమీటర్లలో కొలిచినవాణ్ని, ఎంత దూరం చూడాలో కొలవనే లేదు. అప్పుడైనా కళ్లజోడు తీసేయవచ్చు. కానీ లెక్క ముందే అయిపోయింది కదా, కళ్లతో పనేముందని కొట్టాను.

బంతి సంచిలో పడిన చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. లేచి, గర్వంగా గడ్డం ఎత్తి చూశాను. వంకాయరంగు బంతి ఉన్నచోటే ఉంది. నల్ల బంతి లేదు.

గోడ గడియారం చూసుకున్నాను. నాలుగు నిమిషాలు.

ఓబులేసు నవ్వలేదు. నా మొహం మీది కళ్లజోడు తీసి, తిప్పి చూసి, తను పెట్టుకుని టేబుల్ మీదికి వంగాడు. వంగినవాడు కాసేపు లేవలేదు.

"ఇందులోనుంచి బంతి యాడ కనపడ్తాదప్పా?" అన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి పచ్చగుడ్డ మీద పెట్టాడు. "నీకు చూపు ఆనడం లేదని నాకు ఆర్నెల్ల కిందనే తెలుసు. అందుకే చూసి చూసి కావాలనే తప్పిస్తాంటి. ఈపొద్దు కూడా తప్పిద్దామనే వస్తి. నువ్వు ఆ సందు కూడా ఇయ్యకపోతివి."

 నాకు రావాల్సిన మాటకు బదులు లెక్కే వచ్చింది. "ఎన్ని ఆటలు వదిలినావు?" అని అడిగాను.

"నేనేం లెక్కపెట్టినానా. లెక్కలు నీవి కదప్పా."

మిగతా రెండు ఆటలు ఆడాలని నాకు లేదు, ఆడించాలని అతనికీ లేదు. సాయంత్రం బస్సు దాకా కిటికీ దగ్గర కూర్చుని టీ తాగాం. అతను పిల్లల బడి గురించి, బెంగళూరు ఇంటి అద్దె గురించి చెప్పాడు. తొమ్మిదేళ్లలో మేం అంతసేపు మాట్లాడుకున్నది అదొక్కరోజే. బస్సు ఎక్కేటప్పుడు, మెడకు ఆముదం రాసుకోమన్నాడు.

ఆ రాత్రి లెక్క తేల్చాను. మామూలు వరసలో డెబ్భై ఎనిమిది ఆటల్లో నాకు రావాల్సినవి ఇరవై ఆరు. వచ్చినవి అరవై ఏడు. తేడా నలభై ఒకటి. అతను షాపులో కుదురుకున్నాక బెంగళూరుకు ఫోను చేసి, నీకు నలభై ఒక్క ఆటలు బాకీ ఉన్నాను, ఓడిపోయి తీరుస్తానన్నాను. షాపులో గిరాకీ ఉందని పెట్టేశాడు.

ఆ అమ్మాయి ఆటకని చెప్పిన అద్దాలే చేయించుకుని పోయిన ఏడాది బెంగళూరు వెళ్లాను. ఒకటే పవరు, కనుబొమల దాకా అద్దం, బంతి మీది అంకె కూడా కనిపిస్తోంది. మూడు ఆటలు కావాలని ఓడి, మూడు చెల్లించాలని నా పథకం. కావాలని ఓడాలంటే ముందు గెలిచే అవకాశం రావాలి కదా. ఒక్కసారి కూడా రాలేదు. మూడూ అతనే గెలిచాడు. ఇక మిగిలింది ముప్పై ఎనిమిది కదా అన్నాను.

"అవి యాడ చెల్లుతాయప్పా? అవి నువ్వు నిజంగానే ఓడినవి."

న్యాయంగా చూస్తే అతని లెక్కే సరైనది. కాబట్టి నేను, బోరు మోటార్ల సాక్షిగా, మెడలో మిగిలిన కాస్త నొప్పి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కళ్ల సంగతి కళ్లు చూసేవాళ్లకే వదిలేస్తాను, బొట్టుబిళ్లలు నా భార్యకే వదిలేస్తాను, ఏ అద్దాన్నీ తలకిందులు చేయించను.

ఏడాదికి ఒక్కసారి పోయి మూడేసి ఆటలు చొప్పున తీర్చినా పద్నాలుగేళ్లు పడుతుంది. అదీ, ఆ మూడూ చెల్లితే. టైర్ల షాపు మీద ఇప్పుడు ఎవరో ట్యూషన్లు చెబుతున్నారు. ఆదివారం మధ్యాహ్నం బత్తలపల్లె బస్సు వచ్చే వేళకు నేను ఊరికే అటువైపు వెళ్లొస్తుంటాను. బాకీ ఇప్పటికీ నలభై ఒకటే.